ఫ్రీక్యాడ్‌తో పాత హెరాల్డ్: రెండేళ్లు దాటాక

ఫ్రీక్యాడ్ అంటే కంప్యూటర్‌లో కొలతలతో విడిభాగాల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్. ఉచితం, లినక్స్‌లోనూ నడుస్తుంది, నేర్చుకోవడానికి యూట్యూబు నిండా వీడియోలున్నాయి. ఇవి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. నేను రాసేది అందులో ఉన్న స్ప్రెడ్‌షీట్ గురించే. దానిమీద నాకున్న మోజు గురించి, ఆ మోజు ఒకసారి నన్ను ముంచిన తీరు గురించి కూడా.

ముందు బండి సంగతి. కావలిలో మా మామయ్య వాళ్ల పాకలో ఏళ్ల తరబడి కోళ్లు కాపురమున్న స్టాండర్డ్ హెరాల్డ్ కారు అది. మద్రాసులో తయారైంది, అసలు డిజైను మాత్రం 1959లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌ది. ఇంజను జామ్, టాపు నొక్కితే తుప్పు రాలేది. ఇందులో బాడీ వేరు, దాన్ని మోసే ఇనుప చట్రం, అంటే ఛాసిస్, వేరు, టాపు కూడా బోల్టులు విప్పితే ఊడొస్తుంది. అందుకే టాపు తీసేసి రెండు సీట్ల బండి చేసి, 796 సీసీ మారుతీ ఆమ్నీ ఇంజను పెడదామని ఒంగోలు తెచ్చుకున్నాను.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో కొలతకి ఒక పేరు పెడతాం. వీల్‌బేస్ (ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం) 2324 మిల్లీమీటర్లు, షీటు మందం 1.6, ఇంజను ఎంత వెనక్కి కూర్చోవాలో అదొకటి. బొమ్మలో ఎక్కడా అంకె వేయకుండా ఆ పేర్లే వాడతాం. ఇంజను 40 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే గేర్‌బాక్సు ఎక్కడ తగులుతుందో చూడాలంటే ఒక్క గడిలో అంకె మారిస్తే చాలు, మౌంటింగులు, బ్రాకెట్లు అన్నీ కలిసి జరుగుతాయి. మొదటిసారి అది చూసిన రాత్రి నిద్రపట్టలేదు. కనపడ్డవాడికల్లా "అంకె మారిస్తే కారే మారిపోద్ది" అని చెప్పుకు తిరిగాను.

అక్కడే దెబ్బ తగిలింది. హెరాల్డ్ ఛాసిస్‌కి మధ్యలో రెండు పట్టీలు, వాటినుంచి పక్కలకి చేతుల్లా వచ్చే అవుట్‌రిగ్గర్లు ఉంటాయి, బాడీ కూర్చునేది వాటిమీదే. మావి తుప్పుకి పోయాయి. ఎడమవైపు జాగ్రత్తగా కొలిచి, మోడల్ చేసి, కుడివైపుకి మిర్రర్ కొట్టాను, అంటే అద్దంలో బొమ్మలా తిప్పి అదే వాడాను. రెండు వైపులా ఒకటేగా అనుకున్నా! 16 గేజి షీటులో లేజర్ కటింగ్ చేయించి, మడత పెట్టించి టింకరింగ్ మేస్త్రికి ఇచ్చాను. ఎడమవైపు చేత్తో తోస్తే కూర్చుంది. కుడివైపు బాడీ బోల్టు సగం కూడా దూరలేదు. రంధ్రం 11 మిల్లీమీటర్లు వెనక్కి ఉంది. మేస్త్రి బీడీ తీసి, "ఏంది అబ్బయా, నీ కంప్యూటర్‌కి సొట్ట కనపడదా?" అన్నాడు. మూడు రోజులు మోడల్‌లోనే తప్పు వెతికాను. అందులో తప్పు లేదు, అదే తప్పు.

నేను పనిచేసేది చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో. మూల పగిలిన రెండు గెలాక్సీ (నల్ల గ్రానైట్) స్లాబులు తెచ్చి, ఇసుక మీద పరిచి, రసమట్టంతో సరిచేసి, వాటిపైన ఛాసిస్ నిలబెట్టాం. ఒక్కో రంధ్రం నుంచి తూకం గుండు వేలాడదీసి, గుండు మొన కింద సుద్దముక్కతో చుక్క పెడుతూ పోయాం. నల్లరాయి మీద తెల్ల చుక్కలన్నీ పడ్డాక ఇక టేపు అక్కర్లేకపోయింది. కుడి పట్టీ వంగిందని కంటికే తెలిసిపోతోంది. మామయ్యకి ఫోన్ చేస్తే తీరిగ్గా, "అవును అల్లుడూ, ఉలవపాడు కాడ కల్వర్టుకి గుద్దించాగా, నీకు చెప్పలా?" అన్నాడు.

మళ్లీ ఆదుకున్నదీ స్ప్రెడ్‌షీటే, అది ఒప్పుకోవాలి. మిర్రర్ తీసేసి కుడి కొలతలకి వేరే గడులు పెట్టాను. పట్టీని మేస్త్రి జాకీ వేసి లాగాక మిగిలిన తేడా 4 మిల్లీమీటర్లు. ఆ 4 ఒక గడిలో వేశాను, కొత్త అవుట్‌రిగ్గర్ బోల్టుకి సరిగ్గా దిగింది.

కానీ "కారే మారిపోద్ది" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఛాసిస్ మారుతుంది, బ్రాకెట్లు మారతాయి. టాపు తీసేశాక సీట్ల వెనక మూసే డెక్కుకి కావలసిన వంపులు మాత్రం నా చేత కాలేదు. అది నా చేతగానితనం కూడా కావచ్చు. చివరికి అట్టముక్కలు, ప్లైవుడ్డు, మేస్త్రి సుత్తి. ఇంకోటి, ఫ్రీక్యాడ్ పాత వెర్షన్లలో మొదటి స్కెచ్, అంటే మొదట గీసిన గీతల బొమ్మ, కదిపితే తర్వాత చేసిన పనులు విరిగిపోయేవి. 2024 నవంబర్‌లో 1.0 వచ్చాక అది బాగా తగ్గింది గానీ, స్కెచ్ ముట్టుకునే ముందు ఇప్పటికీ కాపీ తీసుకుంటాను. కాగితం మీద అసలు సైజు ప్రింటు తీయించేవాళ్లు మూలలో 100 మిల్లీమీటర్ల చదరం గీసుకోండి. జిరాక్సు షాపులో పేజీకి సరిపడేలా కుదించి ఇస్తే, ఆ చదరం కొలిస్తే దొరికిపోతుంది.

వాడమంటానా అంటే, నాకు ఆదివారాలు ఖాళీ, రాయి ఊరికే దొరికింది, విసుక్కున్నా పని వదలని మేస్త్రి ఉన్నాడు. తొందరగా రోడ్డెక్కించాలనుకునేవాళ్లకి ఈ దారి చెప్పను. ఇంజను మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, ఆర్టీవో అనుమతి ముందే తీసుకోవాలి, అది ఏ గడిలోనూ పట్టదు. నా బండి ప్రస్తుతం ఫ్యాక్టరీ వెనక మట్టిరోడ్డు మీదే తిరుగుతోంది. ఎడమ తలుపు బాగా పడుతోంది. కుడిది కాస్త ఎత్తి వేయాలి.