నియమాలు పదునైనవి, వివరణలు మొద్దువి: పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ ఎబిలిటీల సమీక్ష

2022 నవంబరు 18న నింటెండో స్విచ్ కోసం విడుదలైన పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ జంట ఆటల ప్రస్తావన వస్తే, చాలామంది పాల్దియా ప్రాంతపు విశాలత గురించో, విడుదల నాటి సాంకేతిక లోపాల గురించో మాట్లాడతారు. ఈ సమీక్ష ఆ రెండింటి జోలికీ పోదు. ఆన్‌లైన్‌లో మరో మనిషితో తలపడినప్పుడు గెలుపోటములను మూవ్‌లతో సమానంగా, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువగా నిర్ణయించే ఎబిలిటీల నియమాలు ఎలా ఉన్నాయన్నదే ఇక్కడి విషయం. నా తీర్పు ముందే చెబుతాను: నియమాల రూపకల్పనకు నూటికి తొంభై మార్కులు వేయవచ్చు, వాటిని ఆటగాడికి తెలియజెప్పిన తీరుకు మాత్రం పాస్ మార్కులు వేయడానికి కూడా చేయి రాదు.

ఈ ఆటలతో పరిచయం లేనివారి కోసం కొద్దిగా వివరిస్తాను. ప్రతి పోకెమాన్‌కూ నిప్పు, నీరు వంటి దాని టైప్, బలాబలాల అంకెలు, నాలుగు మూవ్‌లతో పాటు ఒక ఎబిలిటీ ఉంటుంది. మూవ్‌ను మనం ఎంచుకుని వాడాలి. ఎబిలిటీ మాత్రం సందర్భం రాగానే దానంతట అదే పనిచేస్తుంది. 2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటలతో ఈ పద్ధతి మొదలైంది. 2010లో బ్లాక్, వైట్ ఆటలు వచ్చినప్పుడు, మామూలు ఎబిలిటీలకు తోడు చాలా జాతులకు ఒక హిడెన్ ఎబిలిటీ కూడా చేరింది. ఒక జాతికి ఇన్ని అవకాశాలున్నా, ఒక్కో పోకెమాన్‌కు ఒక సమయంలో ఒకటే ఉంటుంది. ఇప్పుడు మొత్తం ఎబిలిటీలు మూడు వందలు దాటాయి. ఎబిలిటీ అంటే ఎప్పుడూ వరమే అనుకోకూడదు. స్లేకింగ్ అనే జాతి అంకెల మొత్తం 670, అంటే సముద్రాలను శాసించే కయోగర్‌తో సమానం. అయినా దానికున్న ట్రూయంట్ వల్ల అది ఒక టర్న్ కదిలితే తర్వాతి టర్న్ బద్ధకంగా కూర్చుంటుంది. ఇంత బలాన్ని ఇంత సామాన్యమైన జంతువుకిచ్చి, అదే చేత్తో పగ్గం వేయడం నాకు ఈ పద్ధతిలో కనిపించే మొదటి తెలివి.

అసలు లోతు మాత్రం రెండు ఎబిలిటీలు ఎదురుపడినప్పుడే తెలుస్తుంది. ఇరువైపులా ఇద్దరిద్దరు దిగే డబుల్స్ పోరును తీసుకుందాం. ఒక వైపు ఎండను తెచ్చే డ్రౌట్‌తో తాబేలు లాంటి టోర్కోల్, మరో వైపు వానను తెచ్చే డ్రిజిల్‌తో పెలిపర్ ఒకేసారి రంగంలోకి దిగాయి. ఏ వాతావరణం నిలుస్తుంది? దిగగానే పనిచేసే ఎబిలిటీలు వేగం ఎక్కువున్న పోకెమాన్‌తో మొదలై వరుసగా అమలవుతాయి; తర్వాత అమలైన వాతావరణం ముందుదాన్ని చెరిపేస్తుంది. పెలిపర్ మూల వేగం 65, టోర్కోల్‌ది కేవలం 20. కాబట్టి మొదట వాన కురుస్తుంది, మరుక్షణమే ఎండ కాస్తుంది, నెమ్మదిగా ఉన్న తాబేలుదే పైచేయి అవుతుంది. ఆ ఎండలో నిప్పు మూవ్‌ల శక్తి ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది, నీటి మూవ్‌ల శక్తి సగానికి పడిపోతుంది. అందుకే అనుభవమున్నవారు టోర్కోల్ వేగాన్ని పెంచకపోగా, పనిగట్టుకుని తక్కువగా ఉండేలా చూసుకుంటారు. వేగమే బలమనుకునే ఆటలో నిదానానికి ఇంత విలువ కల్పించిన ఈ ఒక్క నియమం కోసమైనా రూపకర్తలను మెచ్చుకోవాలి.

ఇంటిమిడేట్ సంగతి కూడా ఇంత ఆసక్తికరమైనదే. ఈ ఎబిలిటీ ఉన్న ఇన్సినరోర్ దిగగానే ఎదురుగా ఉన్న రెండు పోకెమాన్ల అటాక్ ఒక స్టేజ్ తగ్గి, మూడింట రెండు వంతులకు పడిపోతుంది. ఖర్చు లేకుండా, టర్న్ పోకుండా దొరికే లాభం కనుక డబుల్స్‌లో దీని రాజ్యం చాలా ఏళ్లు సాగింది. దానికి విరుగుడును నిషేధంతో కాకుండా మరికొన్ని ఎబిలిటీలతోనే తయారుచేశారు. 2019లో వచ్చిన స్వోర్డ్, షీల్డ్ ఆటల నుంచి ఇన్నర్ ఫోకస్, ఓన్ టెంపో, ఒబ్లివియస్, స్క్రాపీ ఉన్నవి ఇంటిమిడేట్‌కు లొంగవు. ఇక డిఫయంట్ ఉన్న కింగాంబిట్ ముందు ఇన్సినరోర్‌ను దింపడమంటే కొరివితో తల గోక్కోవడమే: అటాక్ ఒక స్టేజ్ తగ్గగానే డిఫయంట్ దాన్ని రెండు స్టేజ్‌లు పెంచుతుంది, అంటే నికరంగా ఒకటిన్నర రెట్ల అటాక్‌ను మనమే ఎదుటివారికి సమర్పించినట్టవుతుంది. కాకపోతే కింగాంబిట్‌కు డిఫయంటే ఉందో, సుప్రీమ్ ఓవర్‌లార్డే ఉందో ముందుగా తెలియదు. ఆ సందేహంతోనే ఇన్సినరోర్‌ను బెంచీ మీద కూర్చోబెట్టిన ఆటలు చాలా ఉంటాయి. లేని డిఫయంట్ కూడా అలా పని చేసిపెడుతుంది.

ఈ నియమాలు తొలినాళ్లలో ఇంత పొందికగా లేవు. ఎబిలిటీ వల్ల వచ్చిన వాన ఒకప్పుడు పోరు ముగిసేదాకా, లేదా మరో వాతావరణం వచ్చేదాకా ఆగేది కాదు. దాని ప్రభావం ఎంతగా ముదిరిందంటే, అభిమానుల సంఘమైన స్మోగన్ 2011లో డ్రిజిల్‌ను, వానలో వేగాన్ని రెట్టింపు చేసే స్విఫ్ట్ స్విమ్‌ను ఒకే జట్టులో వాడకూడదని తన పోటీలలో సొంతంగా నిబంధన పెట్టుకోవలసి వచ్చింది. 2013 నాటి ఎక్స్, వై ఆటలలో ఆ వానను ఐదు టర్న్‌లకు, తగిన రాయిని పట్టుకుంటే ఎనిమిది టర్న్‌లకు కుదించారు. ప్రాంక్‌స్టర్ అనే ఎబిలిటీ బలంతో ముందుగా పడే స్టేటస్ మూవ్‌లు, అంటే నేరుగా దెబ్బ కొట్టని మూవ్‌లు, 2016 నుంచి ఎదుటి డార్క్ టైప్ మీద పనిచేయవు. ప్రతి మూవ్‌తోనూ తన టైప్‌ను మార్చుకునే గ్రెనింజా ప్రోటియన్, సిండరేస్ లిబెరో ఈ ఆటలలో రంగంలోకి దిగిన ప్రతిసారీ ఒక్కసారికే పరిమితమయ్యాయి. దీని మీద అభిమానులు గగ్గోలు పెట్టారు కానీ, నా దృష్టిలో అది సరైన కోత. ఎప్పుడు మార్చుకోవాలన్న నిర్ణయానికి ఇప్పుడు ధర ఉంది. టాలన్‌ఫ్లేమ్‌కు జరిగింది మాత్రం అన్యాయమనే అంటాను. గాలి మూవ్‌లను ముందుగా వేయనిచ్చే దాని గేల్ వింగ్స్ ఇప్పుడు ప్రాణం పూర్తిగా ఉన్నప్పుడే పనిచేస్తుంది; నిప్పు, గాలి రెండు టైప్‌లూ ఉన్న ఆ పక్షి, దిగినవాటిని గాయపరిచే స్టెల్త్ రాక్ రాళ్లు పరిచిన నేల మీదికి రక్షణ లేకుండా దిగితే, అడుగుపెడుతూనే సగం ప్రాణం పోతుంది. రోగం కుదర్చబోయి రోగినే చంపారు.

కొత్తగా చేర్చినవాటిలో కమాండర్ అందరినీ మించింది. చిన్న చేప టాట్సుగిరి పక్కనే పెద్ద చేప డోండోజో ఉంటే, చిన్నది నేరుగా పెద్దదాని నోట్లోకి దూరుతుంది. వెంటనే డోండోజో ఐదు అంకెలు రెండేసి స్టేజ్‌లు పెరిగి రెట్టింపవుతాయి. నోట్లో ఉన్న టాట్సుగిరికి దెబ్బ తగలదు, అది ఏ పనీ చేయలేదు. డోండోజోను వెనక్కి పిలిచే వీలు కూడా ఉండదు. ఇద్దరు ఆడవలసిన చోట ఒక్కటే ఆడుతుందన్నమాట. లాభానికి తగ్గ నష్టాన్ని చూడగానే అర్థమయ్యేలా, పైగా నవ్వు పుట్టించేలా చెప్పడం అంటే ఇది. గోల్డెంగోకున్న గుడ్ యాజ్ గోల్డ్ ఇతరులు తన మీద వేసే స్టేటస్ మూవ్‌లన్నింటినీ అడ్డుకుంటుంది. ఇది వినడానికి తేలికైన నియమం, ఎదుర్కోవడానికి విసుగు పుట్టించేది. డబుల్స్‌లో పక్కనున్న సొంత పోకెమాన్ అందించబోయే, దెబ్బకు బలాన్ని పెంచే హెల్పింగ్ హ్యాండ్ మూవ్ కూడా దానికి అందదన్నదొక్కటే ఊరట. చియెన్-పావ్‌కున్న స్వోర్డ్ ఆఫ్ రూయిన్ తనది తప్ప రంగంలో ఉన్న మిగతావాటి డిఫెన్స్‌ను నాలుగో వంతు తగ్గిస్తుంది, అంటే వాటికి తగిలే భౌతిక దెబ్బలు దాదాపు మూడో వంతు పెరుగుతాయి. ఆ మిగతావాటిలో మన పోకెమాన్ కూడా ఒకటన్న విషయం పక్కనున్నది కూలిపోయినప్పుడు గుర్తుకొస్తుంది.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకు వస్తాను. పైన చెప్పిన నాలుగో వంతు, ఐదు టర్న్‌లు, వేగాన్ని బట్టి వరుస వంటివేవీ ఎబిలిటీ పక్కన కనిపించే చిన్న వివరణలో ఉండవు. సుప్రీమ్ ఓవర్‌లార్డ్ వివరణ, ఓడిపోయిన ఒక్కో సహచర పోకెమాన్ లెక్కన తన అటాక్, స్పెషల్ అటాక్ కొద్దిగా పెరుగుతాయని మాత్రమే అంటుంది. ఆ కొద్దిగా అంటే ఒక్కొక్కదానికి పది శాతం, ఐదుగురూ పోతే యాభై శాతం. దీన్ని కొద్దిగా అనడానికి చాలా ధైర్యం కావాలి. ప్రోటోసింథసిస్ అన్నింటికంటే ఎక్కువున్న అంకెను పెంచుతుందని రాశారు. మిగతా అంకెలైతే ముప్ఫై శాతం, వేగమైతే యాభై శాతం పెరుగుతుందన్న తేడాను ప్రస్తావించలేదు. ఈ ఎబిలిటీ ఉన్న ఫ్లట్టర్ మేన్ ఎదుటి జట్టుకంటే ముందు కదులుతుందా, తర్వాత కదులుతుందా అన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉన్నప్పుడు, దాన్ని దాచిపెట్టడం రహస్యం కాదు, నిర్లక్ష్యం. ఆట తొమ్మిది భాషలలో లభిస్తుంది, వాటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. అంటే మన పిల్లలు ఈ అస్పష్టతను ఇంగ్లీషులోనే ఛేదించుకోవాలి.

ఈ లోటును తీరుస్తున్నది అభిమానులు నడుపుతున్న పోకెమాన్ షోడౌన్. బ్రౌజర్‌లో ఉచితంగా నడిచే ఈ అనధికార సిమ్యులేటర్‌లో ఎదుటి పోకెమాన్ మీద మౌస్ పెడితే దానికి ఏయే ఎబిలిటీలు ఉండవచ్చో జాబితా కనిపిస్తుంది. ఒకటి బయటపడగానే అది మాత్రమే మిగులుతుంది. చాట్ పెట్టెలో స్లాష్ కొట్టి డీటీ అన్న రెండక్షరాల ఆదేశంతో పాటు ఎబిలిటీ పేరు ఇస్తే దాని అంకెలు వస్తాయి. డబ్బు పెట్టి కొన్న ఆటలో లేని మర్యాద ఉచితంగా దొరికే చోట ఉండటం యాజమాన్యం ఆలోచించవలసిన విషయం.

కావలసిన ఎబిలిటీని సంపాదించే మార్గాలు మాత్రం ఈసారి బాగా సులువయ్యాయి. రెండు మామూలు ఎబిలిటీల మధ్య మార్చుకోవడానికి ఎబిలిటీ క్యాప్సూల్, హిడెన్ ఎబిలిటీకి ఎబిలిటీ ప్యాచ్ ఉన్నాయి. ఇప్పుడు అదే ప్యాచ్‌తో హిడెన్ నుంచి మామూలుకు తిరిగి రావచ్చు కూడా. తల్లికి హిడెన్ ఎబిలిటీ ఉంటే గుడ్డులోని పిల్లకు అది వచ్చే అవకాశం అరవై శాతం. ప్యాచ్ కోసం ఆరు నక్షత్రాల టెరా రైడ్‌లు, అంటే నలుగురు కలిసి ఒక బలమైన పోకెమాన్‌తో తలపడే పోరులు, పదేపదే ఆడవలసి రావడం విసుగే, అయినా పాత ఆటలలో ఒక్క ఎబిలిటీ కోసం పడిన అవస్థతో పోలిస్తే ఇది భరించదగినదే.

చివరగా, పోటీలు ఆడాలనుకునేవారు గమనించవలసిన తేడా ఒకటుంది. ఈ ఆటలతో జరిగిన అధికారిక టోర్నమెంట్లలో ఇరువురి జట్టు పత్రాలు ముందే ఇచ్చి పుచ్చుకునే పద్ధతి ఉంది కనుక, కింగాంబిట్ ఎబిలిటీ ఏమిటో కాగితం మీదే కనిపిస్తుంది. ఆటలోని ర్యాంక్డ్ పోరులో మాత్రం ఆరు పోకెమాన్ల బొమ్మలే కనిపిస్తాయి, మిగతాదంతా ఊహించుకోవాలి. నాకు పత్రాలు చూసి ఆడే పద్ధతే నచ్చింది. అక్కడ ఓడిపోతే కారణం మన ఆటలోనే వెతుక్కోవచ్చు. కొత్తవారు షోడౌన్‌లో జట్టును యాదృచ్ఛికంగా ఇచ్చే ర్యాండమ్ బ్యాటిల్స్‌తో ఎబిలిటీలను పరిచయం చేసుకుని, ఆ తర్వాత స్విచ్‌లో ర్యాంక్డ్‌కు వెళ్లడం మంచిది. దానికి తిరుగు వరుసలో వెళ్లేవారు మొదటి వారంలోనే కనీసం ఒక ఇన్సినరోర్‌ను కింగాంబిట్ ముందుకు తోలుతారు.