పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో ఎథిక్స్ పేపర్, నా రివ్యూ (5కి 3)

కొత్తగా జాయినైన వాళ్లు ఈ రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ పేపర్ ఎలా ఉంటుందని అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ దీన్ని 2019 డిసెంబర్‌లో పీహెచ్‌డీ వాళ్లందరికీ తప్పనిసరి చేసింది, 2 క్రెడిట్లు, 30 గంటలు, 6 యూనిట్లు.

ప్లేజరిజం (ఇతరుల రాతని మనదిగా చూపించుకోవడం) క్లాసులు నిజంగా బాగున్నాయి. యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం థీసిస్‌లో సిమిలారిటీ (ఇతరుల రాతతో కలిసే భాగం) 10 శాతం లోపుంటే ఏం కాదు, 40 దాకా అయితే సరిచేసి 6 నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి, 60 దాకా అయితే ఏడాది పాటు సబ్మిట్ చెయ్యనివ్వరు, అదీ దాటితే రిజిస్ట్రేషనే క్యాన్సిల్. సీనియర్లు దీన్ని తలా ఒక రకంగా చెప్తారు, క్లాసులో మాత్రం రిపోర్ట్ స్క్రీన్ మీద పెట్టి రంగు పడిన లైన్లు ఒక్కోటీ చూపిస్తూ ఏది లెక్కలోకొస్తుందో, రిఫరెన్సులూ ముందుమాటా ఎందుకు రావో విడమరిచి చెప్పారు. డబ్బు కడితే వారంలో పేపర్ వేసేస్తామనే జర్నల్స్ సంగతి కూడా బాగా చెప్పారు.

నాకు నచ్చనిది సిలబస్. 6 యూనిట్లలో ఎక్కువ భాగం పేపర్లు, జర్నల్స్, సైటేషన్ల చుట్టూనే తిరుగుతుంది, ఊళ్లకెళ్లి మనుషుల్ని అడిగి డేటా తెచ్చుకునే మాలాంటోళ్లకి కావాల్సింది చాలా తక్కువ. మన ఖమ్మం జిల్లాలోనే 2009లో గిరిజన ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) స్టడీ జరిగింది, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. తర్వాత విచారణలో చూసిన 9,543 కన్సెంట్ (అంగీకార) ఫారాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, 1,948 మీద వేలిముద్రలే. టీకా మంచిదా కాదా అన్నది వేరే సంగతి, ఆ పిల్లల అమ్మానాన్నల్ని అడిగారా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న, ఇంత దగ్గర్లో జరిగినదాన్ని తెలుగు రాష్ట్రాల్లో ఎథిక్స్ క్లాసులో చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తారండీ?

అయితే ఒక మేడమ్ సిలబస్‌లో లేకపోయినా ఒక పూట మాతో తెలుగులో కన్సెంట్ ఫారం రాయించారు, నా 3 స్టార్లలో ఒకటి పూర్తిగా ఆవిడకే. అందరి ఫారాలూ పైకి చదివించి, "ఇది విన్నామెకి నేను కాదనొచ్చు అని తెలుస్తుందా?" అని అడిగారు. అప్పుడు కూర్చుని "మీరు వద్దన్నా మీ పింఛన్ ఆగదు, రేషన్ కార్డు పోదు, మధ్యలో లేచి వెళ్లిపోయినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు" అని కలిపాం. ఫీల్డ్‌కెళ్లినప్పుడు జనం భయపడేది సరిగ్గా వీటికే.

సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకి ఈ పేపర్ సరిపోతుంది. సోషల్ సైన్సెస్, నర్సింగ్, పబ్లిక్ హెల్త్ వాళ్లు మాత్రం దీంతో ఆగకండి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ఫ్రీగా దొరుకుతాయి, అందులో 5, 6 సెక్షన్లు ఫీల్డ్‌కెళ్లే ముందే చదివేయండి, మీ గైడ్ చెప్పేదాకా ఆగొద్దు.