కేదార్‌కంఠ: స్నేహితులతో మంచుకొండ ఎక్కాలంటే

కేదార్‌కంఠ ఉత్తరాఖండ్‌లోని శిఖరం, నడక మొదలయ్యేది సాంక్రీ అనే ఊరి నుంచి. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ సుమారు 200 కిలోమీటర్లే అయినా ఘాట్ రోడ్డు కాబట్టి పగలంతా పడుతుంది. పొద్దున్నే బయల్దేరే బస్సు చవక. అయిదారుగురుంటే మాత్రం జీపు మాట్లాడుకోండి, మలుపులకు కడుపులో తిప్పితే కావలసినచోట ఆపించుకోవచ్చు. డబ్బు దారిలో వచ్చే పురోలాలోనే తీసిపెట్టుకోవాలి. పైన ఏటీఎంలను నమ్ముకోలేం.

సాంక్రీలో హోటల్ గది కన్నా దేవదారు చెక్క ఇళ్లలోని హోమ్‌స్టే హాయి. పొయ్యి పక్కన కూర్చుని వేడివేడి రాజ్మా అన్నం తినొచ్చు. బకెట్ వేడినీళ్లకు విడిగా ఎంత, మనిషికి రజాయిలు ఎన్ని అని ముందే అడగండి. మన ఆవకాయ నూనె చలికి గడ్డకడుతుంది, కందిపొడి తీసుకెళ్లడం మేలు.

సాంక్రీ ఎత్తు 6,400 అడుగులు, దారిలోని జూడా కా తాలాబ్ అనే చెరువు 9,100, బేస్ క్యాంపు సుమారు 11,250, శిఖరం 12,500. ఒక రోజు కలిసొస్తుందని నేరుగా బేస్ క్యాంపుకు తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి. సముద్రమట్టం నుంచి వచ్చినవాళ్ల ఒంటికి తాలాబ్ దగ్గర ఒక రాత్రి కావాలి. తలనొప్పి, వికారం ఉన్న మనిషి తగ్గేదాకా పైకి ఎక్కకూడదు. ముదిరితే కిందికి దించేయాల్సిందే.

అసలు ఖర్చు పెట్టాల్సింది బూట్ల మీద. అర సైజు పెద్దవి నెల ముందే కొని, ఆరు కిలోల బ్యాగుతో మెట్లెక్కి అలవాటు చేసుకోండి. సరిపోయిన సైజే కొంటే దిగేటప్పుడు బొటనవేలు ముందుకు గుద్దుకుని గోరు నల్లబడుతుంది. నూలు బనియను, నూలు సాక్సులు వద్దు. చెమట పట్టుకుని ఆరవు, ఆగగానే ఒళ్లు గడ్డకట్టిపోతుంది. రాత్రికి పొడి ఉన్ని సాక్సులు ఒక జత విడిగా దాచండి. ఫోను, పవర్‌బ్యాంకు స్లీపింగ్ బ్యాగులోనే ఉండాలి. నీళ్ల సీసాను తలకిందులుగా పెడితే మంచు సీసా అడుగువైపు కడుతుంది, మూతి తెరుచుకుంటుంది.

శిఖరానికి తెల్లవారుజామున మూడింటికల్లా కదలాలి, నెమ్మదిగా నడిచేవాళ్లను ముందుంచి. మాట్లాడుతూ నడవలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్టే. పైన చిన్న గుడి, త్రిశూలం, ఎదురుగా ఎండ పడి మెరిసే స్వర్గారోహిణి శిఖరం: ఎంతసేపు చూసినా తనివి తీరదు. అయినా ఎండ ముదిరి మంచు మెత్తబడకముందే దిగండి. జారుతూ దిగాలని సరదాపడితే స్పైకులు (మంచులో జారకుండా బూట్లకు తగిలించుకునే ముళ్లు) విప్పాకే. అవి ఉండగా జారితే ముళ్లు మంచులో దిగబడి చీలమండ మెలితిరుగుతుంది.