నాలుగేళ్ళ వాడుక తరువాత: 500 స్పైన్ కార్బన్ బాణాలు, 150 గ్రెయిన్ల ములికి

ఈ బాణాల మీద నాకున్న మమకారమంతా ముందు కొసన ఉన్న మర దగ్గరే ఉంది. ములికిని చేత్తో విప్పేసి మరో బరువు ములికిని బిగించుకొనే వీలు లేకపోయి ఉంటే, ఈ డజను బాణాలు నాలుగేళ్ళ కిందటే అటకెక్కి ఉండేవి. అదే కొసన ఉన్న జిగురు నన్ను ఎంత భయపెట్టిందో కూడా ఈ సమీక్షలో చెప్పాలి.

మా బావగారు టెక్సస్‌లో ఉంటారు. అక్కడ వేట కాలంలో లైసెన్సు తీసుకొని కప్పీలుండే కాంపౌండ్ విల్లుతో తెల్లతోక జింకలను వేటాడతారు. ఆయన మొదటి విల్లు లాగడానికి 50 పౌండ్ల బలం పట్టేది కాబట్టి 500 స్పైన్ బాణాలు కొన్నారు. స్పైన్ అంటే బాణం కాడ ఎంత వంగుతుందో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ కాడ మెత్తన. తరువాత 65 పౌండ్ల విల్లుకు మారేసరికి అవి ఆయనకు మరీ మెత్తనైపోయాయి. 2021 డిసెంబరులో చెన్నై వచ్చినప్పుడు ఆ పన్నెండింటినీ, మూడు బరువుల ఫీల్డ్ పాయింట్లతో (సాధనకు వాడే మామూలు ములుకులతో) సహా నా చేతిలో పెట్టారు. వేటకు వాడే బ్లేడ్ల ములుకులైన బ్రాడ్‌హెడ్లు మాత్రం అక్కడే ఉంచేశారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. నాకు కావలసింది కూడా ఫోమ్ దిమ్మె మీద అంటించిన కాగితమే.

నాది కప్పీలు లేని, కొసలు ముందుకు వంగిన రికర్వ్ విల్లు, నేను లాగే మేరకు వేళ్ళ మీద పడే బరువు 38 పౌండ్లు. బాణాలను 30 అంగుళాలకు కోయించాను. 28 అంగుళాల ఎడంతో ఉన్న రెండు ఆధారాల మీద షాఫ్టును, అంటే బాణం కాడను, ఉంచి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అర అంగుళం వంగేదాన్ని 500 స్పైన్ అంటారని వాడేవారందరికీ తెలిసిందే. రిలీజ్ పరికరంతో వదిలే కాంపౌండ్‌లో బాణం పక్కలకు పెద్దగా వంగదు. వేళ్ళతో వదిలే నాబోటివారి విల్లులో మాత్రం అది చేపలా మెలికలు తిరుగుతూ విల్లును తప్పించుకొని బయటపడాలి. అంత వంపు నా విల్లు ఈ షాఫ్టుకు ఇవ్వలేకపోయింది. 100 గ్రెయిన్ల (సుమారు ఆరున్నర గ్రాముల) ములికితో 18 మీటర్ల నుంచి వేస్తే ఈకలున్న బాణాలు పసుపు వృత్తం దగ్గర గుమిగూడేవి, ఈకలు తీసేసిన బాణం మాత్రం వాటికి ఎడమగా జానెడు దూరంలో గుచ్చుకొనేది. కుడిచేతి వాటం వారికి ఇది బాణం బిరుసుగా ఉందనడానికి గుర్తు. 600 స్పైన్ కొత్త బాణాలు కొనక తప్పదనుకొని డబ్బు కూడా పక్కన పెట్టుకున్నాను.

ఆ ఆదివారం సాయంత్రం, కొనే ముందు చివరిసారి చూద్దామని 125 గ్రెయిన్ల ములికిని బిగించాను. ఎడం సగానికి తగ్గింది. 150 బిగించాను. ఈకలు లేని బాణం వెళ్ళి మిగతావాటికి నాలుగు వేళ్ళ దూరంలో నిలిచింది. ముందు బరువు పెరిగేకొద్దీ షాఫ్టు ఎక్కువ వంగుతుందని చదివి ఉన్నాను గాని, 50 గ్రెయిన్లు అంటే మూడుంపావు గ్రాముల లోపు ఉక్కు, ఇంత పని చేస్తుందని కళ్ళారా చూసేదాకా నమ్మలేదు. బాణం వెళ్ళే చప్పుడు కూడా మారింది. అంతవరకూ విల్లు చేతిలో సన్నగా అదిరేది. ఆ అదురు మందగించి, వదిలిన వెంటనే చేయి నిమ్మళించింది.

నగల తూకం వేసే చిన్న త్రాసు మీద తూచాను. మొత్తం బాణం 23.7 గ్రాముల నుంచి 26.9 గ్రాములకు, అంటే సుమారు 365 గ్రెయిన్ల నుంచి 415కు చేరింది. వేలి మీద నిలబెట్టి చూస్తే తులతూగే చోటు అంగుళం పావు పైగా ముందుకు జరిగింది. ముందుబరువు లెక్క, అంటే తులతూగే చోటు బాణం నడిమికి ఎంత ముందుందో పొడవులో శాతంగా చెప్పేది, 12 శాతం నుంచి 17 దాకా వచ్చింది. గాలి వీచే సాయంత్రాల్లో, చెన్నైలో మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి అది తప్పకుండా వీస్తుంది, బాణాలు మునుపటికన్నా దగ్గర దగ్గరగా పడుతున్నాయని నాకు అనిపించింది. అప్పటికి నా చేయి కూడా కొంత కుదురుకొని ఉండవచ్చు కనుక ఆ మేలంతా ములికిదేనని గట్టిగా చెప్పలేను.

పైగా బరువుకు మూల్యం ఉంది. 30 మీటర్ల దగ్గర బాణం ఇంచుమించు జానెడు కిందికి దిగింది. సైటును దించుకొని సరిపెట్టుకున్నాను. 50 మీటర్లకు వెళ్ళేసరికి సైటు కడ్డీ అడుగంటిపోయి, గురి పిన్ను బాణానికి అడ్డం పడేంత కిందికి వచ్చింది. ఆ దూరానికి మళ్ళీ 100 గ్రెయిన్లే బిగించి, బిరుసుతనాన్ని భరిస్తూ వేస్తున్నాను. మొదటి నెలల్లో 150 అన్నిటికీ సరిపోతుందని క్లబ్బులో అందరికీ చెప్పినవాణ్ణి నేనే. ఇప్పుడు 30 మీటర్ల లోపు వేసేవారికి మాత్రమే చెబుతున్నాను.

ఈ సంగతి బావగారికి ఫోన్లో చెబితే, బరువు ములికి మంచిదన్న నా మాటను ఆయన ఒప్పుకున్నారు గాని ఆయన కారణాలు వేరు. స్థిరమైన బ్లేడ్లున్న బ్రాడ్‌హెడ్ ముందుభాగాన రెక్కల్లా గాలిని పట్టుకొంటుంది. కనుక 100 గ్రెయిన్ల ఫీల్డ్ పాయింటు తగిలిన చోటే అదే బరువు బ్రాడ్‌హెడ్ కూడా తగులుతుందన్న నమ్మకం లేదు. స్పైన్‌లోని చిన్న లోపాన్ని ఫీల్డ్ పాయింటు దాచిపెడితే బ్రాడ్‌హెడ్ బయటపెట్టేస్తుంది. తగిలినప్పుడు తెరుచుకొనే మెకానికల్ రకానికి ఆ బెడద తక్కువే గాని, తెరుచుకోవడానికే కొంత శక్తి ఖర్చయిపోతుంది. వేటగాళ్ళు బరువు పెంచేది ముఖ్యంగా జంతువు ఎక్కువసేపు బాధపడకుండా బాణం లోతుగా దిగాలని. ఎముక తగిలినా ఆగకుండా ఉండాలంటే మొత్తం బాణం 650 గ్రెయిన్లు దాటాలని వేట బాణాల మీద పరీక్షలు చేసిన ఎడ్ ఆష్బీ వంటివారు వాదించారు. నా 415 గ్రెయిన్లు ఆ లెక్కకు ఆమడ దూరం. అందువల్ల నా అనుభవాన్ని చూసి బ్రాడ్‌హెడ్ బరువును ఎవరూ నిర్ణయించుకోకూడదు. ఒక్క విషయం మాత్రం ఇద్దరికీ సమానం: ముందు కొస బరువు మార్చిన ప్రతిసారీ స్పైన్‌ను మళ్ళీ సరిచూసుకోవాలి.

ఇక జిగురు సంగతి. 2023 మే నెల, రోహిణి కార్తె. ఉదయం సాధన అయ్యాక బాణాల పెట్టెను కారు డిక్కీలో ఉంచి, మధ్యాహ్నమంతా ఎండలో వదిలేశాను. సాయంత్రం మా అమ్మాయితో కలిసి మళ్ళీ మైదానానికి వెళ్ళాను. మూడో విడత బాణాలు లాగుతున్నప్పుడు ఒకటి ఎప్పటికన్నా తేలిగ్గా వచ్చేసింది. దిమ్మె కొత్తది, బిగుతుగా ఉండేది. ఆ తేలిక చూసి నేను ఆగవలసింది, ఆగలేదు. పొదిలో వేసుకొని వెనక్కి వచ్చి, తరువాతి విడతలో దాన్నే తీసి తాడుకు తగిలించాను. విల్లు ఎత్తబోతుంటే వెనుక కుర్చీలో కూర్చున్న మా అమ్మాయి గట్టిగా అరిచింది: "నాన్నా, ఆగు! ఆ బాణానికి ముక్కు లేదు!"

చూస్తే నిజమే. ములికి, అది బిగిసే అల్యూమినియం ఇన్సర్టు రెండూ దిమ్మెలోనే ఉండిపోయాయి. నా చేతిలో ఉన్నది కొస తెరుచుకొన్న కార్బన్ గొట్టం. దాని లోపలి గోడ మీద ఎండిన చీమిడిలా జిగురు చార ఒకటి మిగిలింది, దాని మీద నల్లటి కార్బన్ పొడి అంటుకొని ఉంది. ఆ గొట్టాన్ని వదిలి ఉంటే అంచు చీలి, కార్బన్ పీచులు నా ఎడమ చేతిలో దిగి ఉండేవేమో. దిమ్మెలో ఉండిపోయిన ముక్క ఊరికే పోలేదు. అది ఎంత లోతున ఉందో తెలియక తవ్వకుండా వదిలేస్తే, వారం తరువాత మరో బాణం సరిగ్గా దాని మీదే తగిలింది. ఆ షాఫ్టును రెండు చేతులతో పట్టుకొని, ముఖానికి దూరంగా ఉంచి, మెల్లగా వంచుతూ తిప్పాను. ఒక వైపు మాత్రం చిటుకు చిటుకుమని గోరుతో గీసినంత సన్నని చప్పుడు వినిపించింది. కంటికి ఏ పగులూ కనిపించలేదు. ఆ రోజే దాన్ని రెండుగా విరిచి పారేశాను.

తప్పు బాణాలది కాదు. వాటిని కోసి ఇన్సర్టులు అతికించిన దుకాణంవారు వేడికి కరిగే హాట్ మెల్ట్ జిగురు వాడారు, గొట్టం లోపలి పొడిని తుడవకుండానే అతికించారు. చల్లని దేశంలో ఆ జిగురుకు ఏ ఇబ్బందీ లేకపోవచ్చు. మన ఎండలో డిక్కీలో కాగి, ఆపైన ఫోమ్‌లోంచి లాగేటప్పటి రాపిడి వేడి తోడైతే అది పట్టు వదిలేస్తుంది. ఎండాకాలంలో బాణాలను ఎక్కడ ఉంచుతారని వారు ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మిగిలిన వాటన్నిటినీ నేనే మళ్ళీ అతికించాను. వేడినీళ్ళలో కొసలు ముంచి ఇన్సర్టులు లాగేశాను. కార్బన్‌కు నేరుగా మంట చూపిస్తే పొరలు దెబ్బతింటాయి. దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి, నలుపు రావడం ఆగేదాకా గొట్టం లోపల తుడిచాను. ఇన్సర్టును గరుకు కాగితంతో రుద్ది, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పూసి, తిప్పుతూ లోపలికి దింపి ఒక రోజంతా కదపకుండా నిలబెట్టాను. ఆ తరువాత రెండు వేసవులు దాటాయి, ఒక్కటీ ఊడలేదు. ఇక వాటిని తీయడం మాత్రం కుదరదు. పొడవు తగ్గించాలంటే తాడుకు తగిలించే నాక్ వైపు నుంచే కోయించాలి.

చిన్న చికాకులు కూడా ఉన్నాయి. ములికి మర నాలుగైదు దెబ్బలకు వదులవుతుంది కనుక ప్రతి విడతకూ వేళ్ళతో బిగించి చూసుకోవాలి. మర మీద ఒక చుట్టు టెఫ్లాన్ టేపు చుడితే కొంత నయం. సముద్రపు గాలికి ఉక్కు ములుకులు వానాకాలంలో వారానికే ఎర్రబారతాయి, నూనె గుడ్డతో తుడవక తప్పదు.

పన్నెండింటిలో ఇప్పుడు ఎనిమిది మిగిలాయి. 40 పౌండ్లకు అటూ ఇటూ లాగుతూ, దగ్గరి దూరాలకే వేసుకొనేవారి దగ్గర బిరుసు బాణాలు ఇప్పటికే ఉంటే, కొత్తవి కొనేముందు ములికి మార్చి చూడమనే అంటాను. కొత్తగా కొనేవారికి మాత్రం ఈ దారి చెప్పను. మొదటే సరైన స్పైన్ కొనుక్కోవడం మేలు. మా అమ్మాయి 20 పౌండ్ల విల్లుకైతే ఇవి ఏ ములికితోనూ పనికిరావు. ఈ డిసెంబరులో అక్కావాళ్ళు వస్తున్నారు. 600 స్పైన్ షాఫ్టులు ఆరు తెమ్మని బావగారిని అడిగాను, ఇన్సర్టులు అతికించకుండా విడిగా తెమ్మని మరీ మరీ చెప్పాను.