రామప్పకు అయిదో తరగతి పిల్లలతో

మా అమ్మాయి చదివే హనుమకొండ బడివారు అయిదో తరగతి పిల్లలను పాలంపేటలోని రామప్ప గుడికి తీసుకెళ్తూ, తోడుగా కొందరు తల్లిదండ్రులను రమ్మన్నారు. నాకు తొమ్మిది మందిని అప్పగించారు. అద్దెకు మాట్లాడిన బస్సు గంట ఆలస్యంగా రావడంతో ఎండ ముదిరాకే చేరుకున్నాము. ఈ యాత్రలో నన్ను బాధించిన విషయం అదొక్కటే.

కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని పిల్లలు ముందే చదువుకున్నారు. అయితే పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద ఇంతటి రాతి కట్టడాన్ని నిలిపారనీ, బరువు తగ్గించేందుకు శిఖరానికి నీటిలో తేలే ఇటుకలు వాడారనీ గైడు నిదానంగా వివరిస్తుంటే, బస్సంతా అల్లరి చేసినవాళ్లు కూడా నోరు మెదపలేదు. చూరు కింది నల్లరాతి స్త్రీమూర్తులైన మదనికల్లో ఒకదాని కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు కనబడగానే మా అమ్మాయి నా కొంగు లాగి, "అమ్మా, గప్పుడే ఏసుకున్నరా?" అని అడిగింది. నంది మెడలో చెక్కిన గంటలను ఒక బాబు వేలు తగలనివ్వకుండా గాలిలోనే లెక్కపెట్టాడు.

గుడిలో చెప్పులు విడిచే నడవాలి, మధ్యాహ్నానికి బండలు కాలుతాయి. కాబట్టి పిల్లలతో వెళ్లే బడులు పొద్దున్నే చేరుకుని, గైడుకు కనీసం రెండు గంటలు కేటాయించాలని నా మనవి. ఆ తరువాత చెరువు దగ్గర పులిహోర తినడానికి ఎంత సమయమైనా దొరుకుతుంది.