అక్రిలిక్ సంప్ చేయించుకుంటున్నారా? మిగతా డబ్బు ఇచ్చేముందు అతుకులు చూడండి

మెరైన్ ట్యాంకు, అంటే ఉప్పునీటి చేపల తొట్టి పెట్టుకునేవాళ్లు, ముఖ్యంగా హైదరాబాద్‌లో మనకు కావలసిన కొలతలతో అక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) సంప్ చేయించుకుందామనుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. సంప్ అంటే ఇంటి ముందు నేలలో ఉండే నీళ్ల సంప్ కాదు, ట్యాంకు కింద కబోర్డులో పెట్టుకునే ఫిల్టర్ తొట్టి. షాపు పేరు రాయడం లేదు. ఇలాంటి పని ఎక్కడైనా జరగొచ్చు, అది ముందే ఎలా పట్టుకోవాలో మీకు తెలిస్తే చాలు.

బోర్డులు, అక్రిలిక్ అక్షరాలు చేసే షాపు అది. సంప్‌లు కూడా చేస్తామన్నారు. 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 16 ఎత్తు, 8 మిల్లీమీటర్ల షీటు అని చెప్పి సగం డబ్బు ముందే ఇచ్చాను. పది రోజులకి తయారైంది. చూడ్డానికి బాగుంది, అంచులు మెరుస్తున్నాయి. కానీ వెనక వైపు అడుగు అతుకు గాజులా ఉండాల్సింది పోయి, అక్కడక్కడ మజ్జిగ మరకలా తెల్లగా ఉంది, మధ్యలో సన్నటి బుడగలు వరుసగా ఉన్నాయి. అడిగితే "గవి మామూలే అన్నా, ఏం గాదు. డౌటుంటే లోపల సిలికాన్ కొట్టిస్తా" అన్నాడు. సిలికాన్ కొట్టించుకుని, మిగతా డబ్బు ఇచ్చేసి ఇంటికి తెచ్చుకున్నాను.

బాల్కనీలో పెట్టి 10 అంగుళాల మేర నీళ్లు పోసి ఒక రోజంతా ఉంచాను. చుక్క కారలేదు. ట్యాంకు నడిచేటప్పుడు సంప్‌లో ఉండే మట్టం అదే కదా, సరిపోతుందనుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక రాత్రి రెండింటికి కరెంటు పోయింది. మంచినీళ్లకని లేచిన అమ్మ "ఒరేయ్, హాలంతా తడిరా!" అని కేక పెట్టింది. టార్చి వేసి చూస్తే కబోర్డు లోంచి ఉప్పునీళ్లు సోఫా కిందికి పారుతున్నాయి. వెనక అడుగు అతుకు దాదాపు ఒక జానెడు మేర విచ్చుకుంది. లోపల పూసిన సిలికాన్ వేలితో లాగితే ప్లాస్టిక్ టేపులా మొత్తం ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. సిలికాన్ గాజుని పట్టుకున్నట్టు అక్రిలిక్‌ని పట్టుకోదు. పై ట్యాంకులో నీళ్లు ఉన్నాయి కాబట్టి చేపలు బతికాయి. కబోర్డు ప్లైవుడ్ మాత్రం ఉబ్బిపోయింది.

కరెంటు ఉన్నన్నాళ్లు కారనిది అప్పుడే ఎందుకు విడిపోయిందంటే, సంప్ నీళ్లని పై ట్యాంకులోకి ఎక్కించే రిటర్న్ పంపు ఆగగానే పై ట్యాంకు నీళ్లు పైపులో వెనక్కి సైఫన్ అవుతాయి. నా ట్యాంకు 4 అడుగుల పొడవు, 18 అంగుళాల వెడల్పు. ఒక్క అంగుళం దిగితే 14 లీటర్లు కిందికి వస్తాయి. నా రిటర్న్ పైపు మూతి నీటి మట్టానికి రెండున్నర అంగుళాల కింద ఉంది. అంటే 35 లీటర్లు. సంప్‌లో నీళ్లు 10 అంగుళాల నుంచి 14కి ఎక్కాయి. నాలుగు అంగుళాలే కదా అనిపిస్తుంది. కానీ గోడ మీద పడే మొత్తం తోపు నీటి ఎత్తుతో సమానంగా పెరగదు, ఎత్తు వర్గంతో పెరుగుతుంది. 36 అంగుళాల పొడవు గోడని 10 అంగుళాల నీళ్లు సుమారు 29 కిలోల బరువుతో తోస్తే, 14 అంగుళాల నీళ్లు దాదాపు 58 కిలోలతో తోస్తాయి. పైగా ఒత్తిడి ఎక్కువగా ఉండేది అడుగునే, అతుకు పాడై ఉన్నదీ అక్కడే.

అందుకే నీళ్ల పరీక్ష అంచు దాకా నింపి చేయాలి. ఒక్క రోజు చాలదు, వారం ఉంచండి. సమంగా ఉన్న చోట పెట్టి, కింద న్యూస్‌పేపర్ పరచండి. చిన్న చెమ్మ కంటికి కనిపించకపోయినా పేపరు మీద మచ్చ కనిపిస్తుంది.

అతుకు చూడటం కష్టమేమీ కాదు. సంప్ ఖాళీగా ఉన్నప్పుడు ఫోను లైటు అతుకు వెంబడి ఏటవాలుగా పట్టండి. బాగా కరిగి కలిసిన అతుకు కంటికి ఆనదు, రెండు షీట్లు ఒకటే ముక్కలా ఉంటాయి. అక్కడొకటి ఇక్కడొకటి ఆవగింజంత బుడగ ఉంటే కంగారు పడక్కర్లేదు. బుడగలు ఒకదానికొకటి అంటుకుని లోపలి అంచు నుంచి బయటి అంచు వైపు దారి కట్టాయంటే అది నీళ్లకు దారే. వెండిలా మెరిసే మచ్చలు కనిపిస్తే అక్కడ షీట్లు అసలు అతుక్కోలేదు. అంచు పొడుగునా సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉంటే మాత్రం ఆ సంప్ తీసుకోకండి. లేజర్‌తో కోసిన అంచులో వేడి వల్ల ఒత్తిడి మిగిలిపోతుంది, దానికి షీట్లని కరిగించి అతికించే ద్రావకం తగిలితే ఇలా పగుళ్లు వస్తాయి. సంప్ మధ్యలో అరలు చేసే అడ్డుపలకల (బ్యాఫిల్) అతుకుల్లో బుడగలుంటే పర్వాలేదు, అవి కారినా నీళ్లు సంప్‌లోనే ఉంటాయి.

బాగు చేయడం సంగతి. మొదట నేను సూదితో క్లోరోఫామ్ ఎక్కించి చూశాను, కిటికీలన్నీ తెరిచి. పల్చటి ద్రావకం అక్రిలిక్‌ని కరిగించి కలుపుతుంది తప్ప సందుని నింపదు. షీట్లు ఆనుకున్న చోట సన్నగా పాకింది, తెల్ల మచ్చల దగ్గర ఆగిపోయింది. పైగా ఒకసారి ఉప్పునీళ్లు దిగిన అతుకుని మళ్లీ అతికించినా గట్టిగా పట్టదు. చిక్కటి అక్రిలిక్ సిమెంట్ సందులు నింపుతుంది గానీ, బరువంతా మోసే అడుగు అతుకుకి దాన్ని నమ్ముకోలేను.

చివరికి టేబుల్ రంపం, రౌటర్ (అంచులు చెక్కి నునుపు చేసే మిషను) ఉన్న ఇంకో పనివాడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అడుగు షీటుని పూర్తిగా కోసేసి, గోడల కింది అంచులు రౌటర్‌తో సమం చేశాడు. ఎత్తు కొంచెం తగ్గింది. కొత్త అడుగు షీటు మీద గుండుసూదులు వరుసగా పేర్చి, వాటి మీద గోడలు నిలబెట్టి, ఆ సందులోకి ద్రావకం ఎక్కించాడు. అరనిమిషం ఆగి సూదులు ఒక్కొక్కటీ లాగేస్తుంటే, తెల్లగా ఉన్న గీత నెమ్మదిగా మాయమై గాజులా మారడం నా కళ్లతో చూశాను. నిలువు మూలల్లో అతుకులు అంత చెడిపోలేదు. అక్కడ లోపలి వైపు 10 మిల్లీమీటర్ల చదరపు అక్రిలిక్ కడ్డీలు అతికించి బలం ఇచ్చాడు.

కొత్తగా చేయించుకునేవాళ్లు ఎవరినైనా సరే అంచులు దేనితో కోస్తారు, కాస్ట్ షీటా (అచ్చులో పోసి చేసింది) ఎక్స్‌ట్రూడెడ్ షీటా (మిషన్లోంచి నొక్కి తీసింది) అని అడగండి. ఎక్స్‌ట్రూడెడ్ షీటుకి పగుళ్లు త్వరగా వస్తాయి. వాళ్ల షాపులోనే అంచు దాకా నీళ్లు నింపి చూపించాకే మిగతా సగం ఇస్తానని ముందే చెప్పండి. ఇంట్లో తుడిచేటప్పుడు గ్లాస్ క్లీనర్, స్పిరిట్ అక్రిలిక్‌కి తగలనివ్వకండి.

రిటర్న్ పైపు మూతి నీటి మట్టానికి దగ్గరగా పైకి జరిపాను. సంప్ ఇప్పుడు అంచు దాకా నీళ్లతో బాల్కనీలో ఉంది. ఈ రోజుకి ఐదో రోజు, కింద పరిచిన పేపరు ఇంకా పొడిగానే ఉంది. ఇంకో రెండు రోజులు చూసి లోపల పెడతాను.