ఆరేళ్లలో పికప్ వెనక యాక్సిల్ నాకు నేర్పిన పాఠాలు

మదనపల్లె నుంచి బెంగళూరుకి టమాటా తోలే బండి నాది. చింతామణి, హోస్కోటె మీదుగా వారానికి నాలుగు ట్రిప్పులు, ఆరేళ్లుగా. ఇంజన్ గురించి చెప్పేదేం లేదు, బాగుంది. నా డబ్బులు తిన్నదంతా వెనక యాక్సిలే.

మొదటి ఏడాదే అందరూ చేసే పని నేనూ చేశా. లోడు వేస్తే వెనక కూర్చుంటోందని జేసీ రోడ్డులో కొని రెండు పక్కలా వెనక స్ప్రింగులో ఒక్కో కమాన్ పట్టీ ఎక్కువ వేయించా. మలుపుల్లో ఊగడం తగ్గింది, సంతోషమే. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు మాత్రం ప్రతి హంపూ నడుముకి తెలిసేది. దానికైతే అలవాటు పడ్డా గానీ, వెనక బ్రేకు ఎందుకు వీకయిందో అర్థం కాలేదు. లైనర్లు మార్చా, బ్రేకు పైపుల్లో గాలి తీయించా, లాభం లేదు. చివరికి తేలిందేంటంటే, నా బండిలో ఛాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య చిన్న కడ్డీతో ఒక బ్రేక్ వాల్వ్ ఉంది, వెనక ఎంత దిగితే అంత లోడుందనుకుని ఆ లెక్కన ప్రెషర్ పంపుతుంది. పట్టీ వేశాక బండి దిగడమే మానేసింది కదా, నిండా ట్రేలు ఎక్కించినా అది ఖాళీ బండే అనుకుంటోంది! కడ్డీ సెట్ చేయించాక కుదిరింది. పట్టీ అమ్మినవాళ్లు, వేసినవాళ్లు ఒక్కరూ ఈ ముక్క చెప్పలేదు. పట్టీలని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వేయించుకోండి, కొన్ని ట్రిప్పులయ్యాక మళ్లీ బిగించండి. ఇంకోటి, పట్టీ వేసినంత మాత్రాన బేరింగులు పెద్దవి కావు, ఆర్సీలో బరువూ పెరగదు. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకి ఫైను 20,000, ఎక్కువున్న ప్రతి టన్నుకీ ఇంకో 2,000.

రెండో దెబ్బ వానలో తగిలింది. కేఆర్ పురం దగ్గర హబ్బు మునిగేంత నీళ్లలో, ముందు బండి పోతోంది కదా అని నేనూ పోనిచ్చా. పది రోజులకి వెనక నుంచి ఊళ మొదలైంది. మెకానిక్ యాక్సిల్ కింద ఆయిల్ బోల్టు విప్పి, నీళ్లు కలిసిన ఆయిల్ వేలికి అంటించుకుని చూపించాడు: "సామీ, ఇది ఆయిలా, టీనా?"

యాక్సిల్ గేర్లుండే హౌసింగ్ పైన, లోపలి గాలి వచ్చిపోయేందుకు బొటనవేలంత బ్రీదర్ ఉంటుంది, నాది మట్టితో మూసుకుపోయింది. వేడెక్కిన హౌసింగ్ చల్లనీళ్లలో పడితే లోపలి గాలి కుంచించుకుని సీల్ సందులోంచి నీళ్లు లాగుతుంది. మామూలు రోజుల్లో దీనికి ఉల్టా, వేడికి లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్‌ని బ్రేకు డ్రమ్ములోకి తోస్తుంది. అంతకుముందు రెండుసార్లు సీల్ నాసిరకమని తిట్టుకుంటూ మార్చా, పాపం దాని తప్పేం లేదు. చక్రాలు తిప్పే గేర్ల జత, అదే క్రౌన్ పినియన్ సెట్టు, మొత్తం పోయింది. పాతదీ కొత్తదీ కలపకుండా రెండూ జతగా మార్చి, గేజి పెట్టి పళ్ల మధ్య సందు చూసి బిగించే మెకానిక్ దగ్గరికే వెళ్లండి. నాకు మొదట బిగించినాయన చేత్తో ఊపి "సరిపోయింది" అన్నాడు, యాక్సిలేటర్ తొక్కితే చాలు, కూసేది. మళ్లీ విప్పించా.

ఇప్పుడు బ్రీదర్‌కి రబ్బరు పైపు తగిలించి ఛాసిస్ పైదాకా లాగా. క్రౌన్‌లో జీఎల్-5, 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోస్తున్నా. మిగిలింది కదా అని గేర్‌బాక్సులో పోయకండి, దానికి ఏ ఆయిలో బుక్కులో చూడండి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి కాటుకలా మెత్తగా అంటితే టెన్షన్ అక్కర్లేదు, గోటికి తగిలే ముక్కలొస్తే బండి కదిలించొద్దు. మొన్న నాకు కాటుకే వచ్చింది. ఎడమ చక్రం లోపల మాత్రం కొంచెం తడి కనిపిస్తోంది, ఆదివారం డ్రమ్ము విప్పాలి.